చల్లారాకే దిగిన నీళ్లు

మనవరాలు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. దాని చదువులో నాకూ వాటా ఉందనుకునేదాన్ని. తొమ్మిదో తరగతికి వచ్చాక అది పుస్తకాలు పట్టుకుని గోడ అవతలికి, టీచరుగా చేసి రిటైరైన మా తోడికోడలి దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరి నవ్వులు వినపడితే మిరపకాయల తొడిమలు తీసే నా చేతులు ఆగిపోయేవి.

బడిలో సైన్సు ప్రదర్శనకు దానికి సముద్రం పాఠం వచ్చింది. పైనున్న నీరు చల్లబడినా, ఉప్పు పెరిగినా బరువెక్కి అడుగుకు దిగుతుందట. దిగినది పైన తెచ్చుకున్న చలినీ ఉప్పునూ పోగొట్టుకోకుండా, లోలోపలే వేరే నీరుగా చాలా దూరం పోతుందట. ఆ పేజీ వేలు పెట్టి చదివాను. ఉప్పునీళ్ల సంగతి ఇంకొకరు చెప్పాలా, ఈసారి నేనే చేసి చూపిద్దామనుకున్నాను.

ఉసిరికాయలు ఊరేయడానికి ఉప్పునీళ్లు కాచి చల్లార్చడం మా అలవాటు. తోడికోడలు వచ్చేలోపే అయిపోవాలన్న తొందరలో చిటికెడు ఉప్పేసి కాచాను గానీ చల్లార్చలేదు. బట్టలకు పెట్టే నీలం ఒక చుక్క కలిపి, గాజు జాడీలోని కుండనీళ్ల మీద గరిటెతో మెల్లగా పోశాను. ఆ నీలం నీళ్లు పాలమీద మీగడలా పైనే నిలబడ్డాయి.

అంతలో తోడికోడలు రానే వచ్చింది.

"ఏందక్కా, నీ సముద్రం మునగనంటంది?"

మనవరాలు పకపకా నవ్వింది. నేను వంటింట్లోకి పోయి, తుడిచిన పొయ్యినే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.

కాసేపటికి మనవరాలి గొంతు వినపడింది. "చిన్న నానమ్మా, దిగుతంది, చూడు."

పిలిచింది నన్ను కాదు. అయినా గుమ్మం దాకా వచ్చాను. నీలం సన్నటి దారాలుగా అడుగుకు దిగుతోంది. వేడి ఉన్నంతసేపూ ఉప్పు బరువు తెలియలేదనీ, పైవేడి గాలిలోకి పోయాకే దిగిందనీ, చలిదేశాల సముద్రాల్లో జరిగేదీ ఇదేననీ తోడికోడలు చెబుతోంది. మనవరాలు ఆమె నోటికేసే చూస్తోంది.

"వేడివి పోయాలని నీకెట్టా తెలుసు, నానమ్మా?" అంది నావైపు తిరిగి.

నేను నోరు తెరిచేలోపే తోడికోడలు అందుకుంది. "మీ నానమ్మకు చానా తెలుసులే."

తొందరలో చల్లార్చలేదని ఆమెకు తెలుసు. ఆ మెప్పు కూడా ఆమె పెట్టిందే అయింది.

ప్రదర్శన రోజు ఆటోలో మనవరాలు జాడీ ఒళ్లో పెట్టుకుని తోడికోడలిని ఆనుకుని కూర్చుంది. కాచిన ఉప్పునీళ్ల ఫ్లాస్కు నాకిచ్చింది. బడి దాకా నేను మూత మీది నుంచి చెయ్యి తీయలేదు.