రైలు బొమ్మల పుస్తకంలో తొమ్మిదో పేజీ

మా చిన్నప్పుడు రైలంటే నాకు ముందుగా తెలిసింది కూత కాదు... కంపు.

మాది రైల్వే జంక్షన్ ఉన్న ఊరు. మా అమ్మ ఆ స్టేషన్‌లో పట్టాలు కడిగేది. అప్పట్లో బోగీలో మరుగుదొడ్డి అంటే అడుగున ఒక కన్నమే... ఏది పడినా నేరుగా పట్టాల మీదే. బండి ఆగి ఉన్నప్పుడు వాడకూడదని తలుపు మీద రాసే ఉండేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. బండి కదలగానే అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కిందికి దిగేవారు. రేకు ముక్కతో గీకి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, పైపుతో నీళ్ళు కొట్టి, చీపుళ్ళతో తోసేవారు. అది అయ్యేలోపు ఇంకో బండి...

ఇంటికొచ్చాక పెరట్లో గోలెం దగ్గర స్నానం చేస్తే గానీ అమ్మ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. చేతులు రెండుసార్లు సబ్బుతో, మూడోసారి నిమ్మచెక్కతో రుద్దుకునేది. అయినా ఆ చేత్తో కలిపిన ముద్ద నాకు గొంతు దిగేది కాదు. "నేనే కలుపుకుంటా" అనేదాన్ని. అమ్మ కంచం నా వైపు జరిపేది.

ఏడో తరగతిలో బడి వాళ్ళు మమ్మల్ని విహారయాత్రకు తీసుకెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడ్డాం. ఎదురుగా, కింద పట్టాల మధ్య అమ్మ! కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, ముఖానికి తువ్వాలు కట్టుకుని... నా పక్కనున్న రమ "ఛీ... ఎలా చేస్తారే ఆ పని!" అని ముక్కు మూసుకుంది.

నేనూ మూసుకున్నాను. "ఛీ" అన్నాను... రమ కంటే గట్టిగా.

అమ్మ తల ఎత్తలేదు. చూడలేదనుకున్నాను. అలా అనుకుంటూనే ముప్పై ఏళ్ళు గడిపేశాను.

ఇప్పుడు అమెరికాలో, పార్సిప్పనీలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం... బొమ్మలు వేయడం సరదా. మా అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఆదివారాలు తెలుగు క్లాస్ నడిపేవాళ్ళు రైళ్ళ మీద ఒక బొమ్మల పుస్తకం చేయమన్నారు. ఇక్కడి పిల్లలు ఎక్కడికెళ్ళినా కారే కదా! ఇష్టంగా ట్యాబ్ మీద పన్నెండు పేజీలు వేశాను... ఇంజను, సిగ్నల్, కిటికీ ఊచలు, టీ అమ్మే మనిషి. తొమ్మిదో పేజీలో పట్టాలు కడిగే ఆడమనిషి.

క్లాస్ బాధ్యత చూసే సునందగారు బొమ్మలన్నీ మెచ్చుకుని, తొమ్మిదో పేజీ దగ్గర మొహం చిట్లించారు.

"ఇది మాత్రం వద్దండీ. పిల్లలకి డిస్గస్టింగ్‌గా ఉంటుంది. ఇండియా అంటే ఇదే అనుకుంటారు... ట్రాక్స్ నీట్‌గా చేసేసి, మల్లెపూలు అమ్మే ఆవిడని పెట్టేయండి. క్యూట్‌గా ఉంటుంది."

ఆ మనిషి ఎవరో అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "సరేనండీ, మార్చేస్తాను" అన్నాను.

మార్చేశాను కూడా... ఆ శనివారం పొద్దున్నే కూర్చుని, చీపురు చెరిపి పూలబుట్ట పెట్టాను. పట్టాలు తళతళలాడించాను. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మ, కాఫీ కప్పుతో నా వెనక్కొచ్చి నిలబడింది.

"ఎవరే ఈవిడ?"

"పూలమ్మే ఆవిడమ్మా."

"మరి నా మొహం పెట్టావేంటి? నేనెప్పుడమ్మాను పూలు?"

సునందగారు అన్నదంతా చెప్పాను. అమ్మ విని, కప్పు బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు స్టేషన్లోనూ ఇట్టాగే చేశావు. నాకు కనపడింది. పిల్లదానివిలే అనుకున్నా... ఇప్పుడు నీకు నలభై రెండు."

కోపంగా అనలేదు. వయసు గుర్తు చేసినట్టు అంది, అంతే.

బాత్రూంలోకి వెళ్ళి సింకు పట్టుకుని నిలబడ్డాను. ఆ పట్టాల మీది మలాన్ని మించిన రోత లోకంలో లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను... ఆ పూట అద్దంలోకి తలెత్తి చూడలేకపోయాను.

బయటికొచ్చి పూలబుట్ట తీసేశాను. పాత బొమ్మ మళ్ళీ తెరిస్తే, అమ్మ వంగి చూసి తప్పులు పట్టింది.

"చీపురు కర్ర ఇంత పొట్టిదైతే నడుము విరుగుద్ది. పొడుగ్గా గియ్యి. పైపు ఇంకో మనిషి పట్టుకోవాలి... ఒక్కదాన్నే ఎట్టా కడుగుతా?"

ఒక్కొక్కటే దిద్దాను.

సునందగారికి ఫోన్ చేసి, "ఆ పేజీ ఉంటేనే పుస్తకం ఇస్తానండీ. అది మా అమ్మ" అన్నాను. "అయ్యో... పర్సనల్‌గా తీసుకోకండి. కానీ కమిటీ ఒప్పుకోదు" అన్నారు. చివరికి వేరే పుస్తకమేదో వేసుకున్నారు. అందులో ఇంజన్లకు బుగ్గలున్నాయి, చిరునవ్వులున్నాయి... ఒక్క మనిషీ లేడు. చూస్తే ఒళ్ళు మండింది.

నాది ఇంట్లో ప్రింటర్ మీదే తీసి కుట్టాను. మొదట చదివింది మా ఏడేళ్ళ అమ్మాయి. తొమ్మిదో పేజీ దగ్గర "ఈఁ... గ్రోస్!" అని అమ్మమ్మ వైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఆ పూప్ ఎవరు చేసింది?"

"రైలెక్కినోళ్ళందరూనమ్మా."

"మరి వాళ్ళు ఎందుకు క్లీన్ చేయలేదు?"

అమ్మ నా వంక చూసింది.

ఇప్పుడు అక్కడ బోగీల కింద ట్యాంకులు పెట్టారట... పట్టాలు మునుపటంత పాడవవట. మంచిదే. కానీ మనం ఇక్కడ రాసుకునే రైలు కబుర్లలో కిటికీ సీటు ఉంటుంది, పల్లీలు ఉంటాయి, పులిహోర పొట్లం ఉంటుంది... ఆ ఆడవాళ్ళే ఉండరు.

మీ ఊరి స్టేషన్ కడిగినవాళ్ళలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? తెలిస్తే కింద కామెంట్లలో రాయండి...

మా అమ్మ పేరు సుగుణమ్మ.