మా పార్కులో ఆర్మీ బ్యాండు

జనవరి, ఆదివారం. రోజంతా పొగమంచు. ఉదయం వాటర్ ఫిల్టర్ కడిగాను.

సాయంత్రం మా జనక్‌పురి పార్కులో ఆర్మీ బ్యాండు వాయించింది. పిలిపించింది పక్కింటి సత్యనారాయణగారు. ఆయన అదే బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరయ్యారు. ఆ బ్యాండు పెళ్లిళ్లకు రాదు. అందరూ ఉచితంగా వినే కార్యక్రమమైతేనే, అదీ చాలా ముందుగా దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. ఈయన కంటోన్మెంటు చుట్టూ తిరిగి సాధించారు. కాలనీ మొత్తం వచ్చి వింటుందని వాళ్లకు మాట కూడా ఇచ్చారు.

తీరా బ్యాండు వచ్చేసరికి కుర్చీల్లో మేమిద్దరమే ఉన్నాం. చలికి కాలనీ అంతా శాలువాలు కప్పుకుని, టీ కప్పులతో బాల్కనీల్లో కూర్చుంది. సత్యనారాయణగారు తలెత్తలేదు.

"ఆడియన్స్ ఎక్కడ, సాబ్?" అని బ్యాండ్ మాస్టర్ హిందీలో అడిగారు.

నేను పైకి, బాల్కనీల వైపు చూపించాను.

"అచ్ఛా. అందరూ బాల్కనీ టికెట్టే కొన్నారన్నమాట," అని బ్యాండును ఫ్లాట్ల వైపు తిప్పి నిలబెట్టారు.

కార్యక్రమం అయ్యేదాకా మా ఇద్దరికీ వాళ్ల వీపులే కనిపించాయి. చివర్లో జనగణమన మొదలవగానే బాల్కనీలన్నీ కప్పులు కింద పెట్టి లేచి నిలబడ్డాయి. అది ముగిశాక సత్యనారాయణగారు పైకి ఒకసారి చూసి, "హాలు నిండిందండీ," అన్నారు.

ఇప్పుడే కాలనీ గ్రూపులో ఒకరు రాశారు, మూడో అంతస్తుకు సరిగా వినపడలేదట. మీరైతే ఏం జవాబిస్తారు?