ఎల్లమ్మ చెలక మీద నా సాక్ష్యం

1962లో నేను ఆబిడ్స్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే పాఠాలు చెప్పేవాణ్ణి కాదు, పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయించేవాణ్ణి. ఉద్యోగం టెంపరరీ, ఏటా జూన్‌లో కొత్త ఆర్డరు ఇచ్చేవారు. కాలేజీ హెర్బేరియం కూడా నా చేతిలోనే ఉండేది. హెర్బేరియం అంటే మొక్కలను అణిచి, ఎండబెట్టి, అట్టలకు కుట్టి, పేరూ ఊరూ రాసి దాచే బీరువా. నాకు ముందు నుంచీ చెలకల్లో, అంటే వాన మీద పండే మెట్ట చేలల్లో, మొలిచే కలుపు మొక్కల మీదనే ధ్యాస. మా డిపార్టుమెంటు వాళ్ళు గులాబీలు, ఆర్కిడ్లు అంటుంటే నేను గునుగు, పల్లేరు, కుక్కవామింట అనేవాణ్ణి. పీకి పారేసేవాటికి అట్టలెందుకని నవ్వేవారు.

వాటితో పని పడ్డవాడు ఒకరోజు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉండే నరహరి అనే వకీలు. యాభై ఏళ్ళ మనిషి, కౌలుదార్ల కేసులు ఎక్కువగా పట్టేవాడు. ఇబ్రహీంపట్నం దిక్కు ఒక ఊర్లో ఎల్లమ్మ అనే ఆమెకు నాలుగెకరాల కౌలు చెలక ఉంది. భర్త రక్షిత కౌలుదారు, అంటే పట్టాదారు తనంత తాను తీసేయలేని కౌలుదారు. చనిపోయి ఐదేళ్ళయింది. అప్పటి నుంచి భూమి దున్నక పడావు పడిందనీ, కౌలు హక్కు పోయిందనీ, ఈ ఏడే ఆమె దౌర్జన్యంగా దున్నిందనీ పట్టాదారు వాదం. ఏటా తనే దున్నుకుంటున్నానని ఎల్లమ్మ మాట. పట్వారీ ఏటేటా రాసే సాగు లెక్క పహాణీలో ఐదేళ్ళూ పడావు అనే ఉంది. ఊర్లో పట్టాదారుకు ఎదురుగా సాక్ష్యం చెప్పేవాడు దొరకలేదు.

"మనుషులు చెప్పరు. మీ మొక్కలేమన్నా చెప్తయా?" అని అడిగాడు నరహరి.

చెప్తాయన్నాను. నా చదువును అంత అవసరంతో ఎవరూ అడగలేదు. సంతోషం వేసింది.

సెప్టెంబరులో ఒక ఆదివారం గౌలిగూడలో బస్సెక్కి వెళ్ళాను. ఎల్లమ్మకు నలభై దాటి ఉంటాయి. జొన్న, మధ్య సాళ్ళలో కంది వేసింది. నేను క్వాడ్రాట్ వేసుకుంటూ పోయాను. అది మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చెక్క చట్రం. నేల మీద పెట్టి, లోపల ఏ మొక్క ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవాలి. జొన్న సందుల్లో గునుగు, తుమ్మి, గంగవాయిలి, పల్లేరు. అన్నీ ఏటా విత్తనం నుంచి లేచి ఆ ఏడే చచ్చే మొక్కలు. గట్టు అవతల పట్టాదారుదే ఇంకో తుకడ నిజంగా పడావు పడి ఉంది. దాంట్లో వెంపలి, తంగేడు, మోకాలెత్తు రేగు కంప, సందు లేకుండా గరిక. రెండు నేలలూ ఒకటే ఎర్ర ఇసుక నేల. తేడా నాగలిది.

ఎల్లమ్మ నా వెనకనే నడుస్తూ అన్నది: "గునుగు దున్నిన కాడనే లేస్తది సారూ. పడావు వడితే రెండు మూడేండ్లల్ల వెంపలొచ్చి దాన్ని తొక్కేస్తది. మా అత్త జెప్పిన ముచ్చట."

నేను పుస్తకాల్లో చదివిందీ అదే. అయినా ఒక పేచీ ఉంది. ఈ ఏడు ఒక్కసారి దున్నినా గునుగు లేస్తుంది కదా అని ఎదుటి వకీలు అడగవచ్చు. జవాబు మట్టి లోపల ఉంది. ఐదేళ్ళ పడావును ఒక్క ఏడు దున్నితే పైన కంప పోతుంది గానీ కింద రేగు వేరు, తంగేడు వేరు చావవు, మళ్ళీ చిగురేస్తాయి. అందుకని గుంతలు తవ్వాలన్నాను. గడ్డపార ఆమే పట్టింది. పొలం నాలుగు దిక్కులా పదకొండు చోట్ల మోచేతి లోతున తవ్వింది. ఒక్క గుంతలోనూ పాత వేరు ముక్క దొరకలేదు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. మొక్కల నమూనాలు తెచ్చి అట్టలకు కుట్టి, "ఏటేటా దున్నే చెలక" అని నా చేతితోనే చీటీ రాసి అంటించాను. నరహరికి మొత్తం విప్పి చెప్పాను. విచారణ రోజున నోటుబుక్కూ అట్టలూ తీసుకురమ్మన్నాడు.

విచారణకు వారం ముందు కాలేజీ సెక్రటరీ పిలిపించాడు. ఆయనెప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. చాయ్ తెప్పించాడు. ఇంట్లో పాప ఎట్లా ఉందని అడిగాడు. ఆ పట్టాదారు తనకు బంధువని మాటల మధ్యలో చెప్పాడు. సాక్ష్యానికి వెళ్ళవద్దని అననే లేదు.

"సైన్సు చదివినోడు తెలిసినదాని కన్న ఎక్కువ చెప్పడు. అంతే గద?" అన్నాడు. తర్వాత, "మీ పర్మనెంట్ ఫైలు నా టేబుల్ మీదికొచ్చింది," అన్నాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పలేదు. చెబితే ఏమనేదో తెలుసు కాబట్టే చెప్పలేదు.

నవంబరులో నాంపల్లిలో రెవెన్యూ అధికారి ముందు విచారణ. ఆ పొద్దున హెర్బేరియం బీరువా తెరిచి, అట్టలు చూసి, మళ్ళీ తాళం వేశాను. నోటుబుక్కు కూడా అందులోనే ఉంచాను. ప్రయాణంలో నమూనాలు విరుగుతాయి అనుకున్నాను. కాలేజీ నుంచి అక్కడికి నడిచిపోయేంత దూరం.

అధికారి ఉర్దూలో అడుగుతూ ఇంగ్లీషులో రాసుకున్నాడు. పట్టాదారు వకీలు నేను అనుకున్న ప్రశ్నే వేశాడు. ఇవి ఒక్క ఏడు బతికే మొక్కలేనా? అవును. ఒక్క ఏడు బతికే మొక్క ఐదేళ్ళ సంగతి ఎట్లా చెబుతుంది?

వేర్ల మాట అప్పుడే చెప్పాలి. చెప్పలేనన్నాను.

నరహరి లేచి నిలబడ్డాడు. నేను తడబడ్డాననే అనుకున్నాడు పాపం. నిదానంగా, "మీరు మట్టి తవ్వి చూసిన్రు గద, ఎన్ని చోట్ల?" అని ఉర్దూలో అడిగాడు.

"దో తీన్ జగా," అన్నాను. రెండు మూడు చోట్ల. మొత్తం పొలం గురించి చెప్పడానికి అది చాలదని కూడా నేనే కలిపాను. నోటుబుక్కు తెచ్చారా అన్నాడు. తేలేదన్నాను. ఆయన కూర్చున్నాడు.

బయట వరండాలో, లోపలి మాటలు వినపడే కిటికీ దగ్గర ఎల్లమ్మ నిలబడి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా, పట్నానికి పాలు పోసి బతికిన మనిషి, ఉర్దూలో అంకెలు బాగా తెలుసు.

"పదకొండు గుంతలు నేనే తవ్విన గద సారూ. రెండు మూడంటివేంది?"

కోపంతో అడగలేదు. నిజంగా మరిచిపోయానేమో, గుర్తుచేస్తే లోపలికి పోయి సరిచేస్తానేమో అన్నట్టు అడిగింది. బస్సుకు వేళయిందా అని ఆమెనే ఎదురు అడిగి మెట్లు దిగి వచ్చేశాను.

ఫైసలా ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. పహాణీయే నిలిచింది. సాక్షి స్వయంగా చెప్పలేనన్నాడని అందులో ఒక వాక్యం ఉందట. సంక్రాంతి సెలవులు కాగానే నాకు పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. మా ఇంట్లో పాయసం చేశారు.

మార్చిలో ఉండబట్టలేక నోటుబుక్కు తీసుకుని నరహరి ఇంటికి వెళ్ళాను. పేజీలన్నీ తిప్పి చూశాడు. తిట్టలేదు. పైన అప్పీలుకు ఇంకా పది రోజుల గడువుందనీ, ఆనాడు పూర్తిగా చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా నేను హలఫ్‌నామా రాసిస్తే ఆశ ఉందనీ అన్నాడు. హలఫ్‌నామా అంటే ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం.

"గప్పుడు మీ నౌకరి పోవచ్చు. ఆమెదైతే పోనే పోయింది. ఆలోచించుకోన్రి," అన్నాడు.

రెండు రోజులు గడువు అడిగాను. నోటుబుక్కు ఆయన దగ్గరే పెట్టి పొమ్మంటే, ఇంకా రాసుకునేది ఉందని తీసుకొచ్చేశాను. పది రోజులూ గడిచాయి. ఎల్లమ్మ ఊరు విడిచి కూలికి పోయిందని తర్వాత తెలిసింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు, నేను గట్టిగా అడగనూ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పని చేశాను. కలుపు మొక్కల మీద నాకు మంచి పేరే వచ్చింది. నా వృత్తిలో తెలియని చోట తెలియదనడం పెద్ద గుణం. పిల్లలకు అదే నేర్పాను. కానీ తెలిసీ చెప్పలేననడానికి కూడా అవే మాటలు పనికొస్తాయని, రెంటికీ తేడా ఎదుటివాడికి కనపడదని, చెప్పేవాడికి మాత్రమే తెలుస్తుందని ఆ కేసులో నేర్చుకున్నాను. దీన్ని ఏ క్లాసులోనూ చెప్పలేదు.

కాలేజీ నుంచి నా ఇంటికి స్టేషన్ రోడ్డు దగ్గరి దారి. నరహరి ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తుందని నేను వెనక గల్లీల నుంచి చుట్టు తిరిగి పోయేవాణ్ణి. డెబ్బైల్లో ఆయన పోయాడు, గోడ మీద బోర్డు తీసేశారు, ఆ ఇంట్లో బట్టల కొట్టు వచ్చింది. నేను మటుకు రిటైరయిందాకా గల్లీల నుంచే పోయాను.