మెడలో ‘మిసెస్ ఓంప్రకాశ్’

అల్వాల్ మెయిన్‌రోడ్డు మీది ఆ రంగుల దుకాణం షట్టర్ పొద్దున్నే ఎత్తేది ఊర్మిళ. మిషన్లో రంగు కలిపేదీ, పెయింటర్ల తగాదాలు తీర్చేదీ, కంపెనీకి ఆర్డరు పెట్టేదీ ఆమే. అయినా లోపలికొచ్చిన ప్రతివాడూ ఆమె తల మీదుగా చూసి, “సేఠ్ లేడా అమ్మా?” అంటాడు. “ఏం గావాల్నో నాకు చెప్పుండ్రి,” అంటుంది. ఏళ్ల తరబడి అంతే అంటోంది.

పోయినేడు అమ్మకాలు బాగున్నాయని రంగుల కంపెనీ డీలర్లను జంటలుగా జపాన్ తీసుకెళ్లింది. బయల్దేరే ముందు భర్త ఓంప్రకాశ్ మాటిచ్చాడు. “డీలర్‌షిప్ అగ్రిమెంట్ ఒసాకాలనే రెన్యూ చేస్తరంట. పెద్దసార్లకు చెప్పి నీ పేరు సుత రాయిస్తా.” ఊర్మిళ ఆ ఒక్క మాట కోసమే పాస్‌పోర్టు తీయించుకుంది.

ఒసాకాలో దిగగానే అందరి మెడల్లో కార్డులు వేశారు. ఆమె కార్డు మీద ‘మిసెస్ ఓంప్రకాశ్’ అని ఉంది. పొద్దున కోట చూశారు. తెల్లటి గోడలు, పచ్చటి పైకప్పు, చుట్టూ నీళ్లు నిండిన కందకం. అంత అందం చూస్తూ “అటు చూడు” అనడానికి ఆమె పక్కన ఎవరూ లేరు. ఓంప్రకాశ్ డీలర్ల గుంపులో ముందు నడిచాడు. ఫొటోకి మాత్రం వెనక్కొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

మధ్యాహ్నం మగవాళ్లకు హోటల్లో మీటింగు, ఆడవాళ్లకు జపాన్ పద్ధతిలో టీ.

“నేను సుత మీటింగుకొస్తా,” అంది ఊర్మిళ.

“ఆడోళ్లెవ్వరు లేరు గదనే. నవ్వుతరు.”

చాప మీద మోకాళ్లు ముడుచుకుని, పచ్చటి టీ గిన్నెను రెండు చేతులతో అందుకుందో లేదో ఫోన్ మోగింది.

“ఊర్మిళా, జెర జల్ది చెప్పు. వానకాలంల సుత మన సేల్స్ ఎట్ల పడిపోలే? స్టేజీ మీదికి పిలుస్తున్నరు!”

ఆమె బయటికొచ్చి చెప్పింది. బొల్లారం, తిరుమలగిరి పెయింటర్లను దుకాణానికి పిలిచి, చెమ్మ గోడలకు ఏది ఎలా పూయాలో తానే చేసి చూపించడం, దాంతో వాళ్లు వానల్లోనూ పనులు పట్టుకురావడం. అంతా చెప్పి తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయింది.

సాయంత్రం ఇద్దరూ డోటన్‌బొరి కాలువ గట్టున నిలబడి తకోయాకి తింటున్నారు. లోపల ఆక్టోపస్ ముక్క పెట్టిన గుంత పొంగనాల్లాంటివి. తిరుమలగిరి డీలర్ భద్రయ్య ఎదురొచ్చాడు.

“ఓమన్నా, కమాల్ చేసినవ్ పో! గా పెయింటర్ల ముచ్చటకు పెద్దసారే చప్పట్లు కొట్టిండు. వదినా, మా అన్న దిమాగ్ మామూల్ది గాదు. జెర మంచిగ తినవెట్టు!”

ఊర్మిళ భర్త వైపు చూసింది. అతను పొంగనం నోట్లో వేసుకుని నమిలాడు.

భద్రయ్య వెళ్లాక అడిగింది. “నా పేరు ముచ్చట చెప్పిన్రా?”

“సంతకాలు అయిపోయినయే. పెండ్లాం నడుపుతదంటే అందర్ల నా ఇజ్జత్ ఏం గావాలె? మల్లసారి జూద్దాం.”

“మల్లసారంటే ఎప్పుడు?”

“మూడేండ్లకు.”

కాలువ నిండా రంగురంగుల దీపాలు. గట్టంతా కిక్కిరిసిన జనం. ఊర్మిళ మెడలోని కార్డు తీసి బ్యాగులో వేసుకుంది.

“పోగొడ్తవ్. మెడల ఏస్కో,” అన్నాడు ఓంప్రకాశ్.

వేసుకుంది.

దీన్ని ఓర్పు అని మెచ్చుకోకండి. ఒకరి కష్టాన్ని ఇంకొకరు సొంత పేరు మీద వేసుకోవడం ఇది, ఇంట్లో జరిగినంత మాత్రాన మర్యాద అయిపోదు. మీ ఇంటి దుకాణం ఆడమనిషి చేతుల మీద నడుస్తుంటే, ఈ నెలలోనే లైసెన్సులో, అగ్రిమెంటులో ఆమె పేరు రాయించండి. కంపెనీల తరఫున సంతకాలు తీసుకునేవాళ్లు, ముందు దుకాణానికి వెళ్లి ఎవరు నడుపుతున్నారో కళ్లతో చూడండి. ఊర్మిళను మూడేళ్లు ఆగమన్నారు. మీ ఇంట్లో మనిషిని ఆపకండి.