బూట్లతో తొక్కి చూసిన బ్రేకు

రెండేళ్ల కిందట, బడులు తెరిచిన జూన్‌లో, కుందారపల్లి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో నేనొక టీచరమ్మను దొంగగా నిలబెట్టాను. దొంగ అనే మాట నా నోట రాలేదు. కానీ యజమాని ముందు నేనడిగిన ప్రశ్నలకు మరో అర్థం లేదు.

నేను హోసూరులో ఉంటూ తరగతి గదులు డిజైన్ చేస్తాను. ఆ బడి కరస్పాండెంట్, అంటే యజమాని, కృష్ణగిరిలో బట్టల వ్యాపారి. పాత గది ఒకదాన్ని ఫ్లెక్సిబుల్ క్లాస్‌రూమ్‌గా మార్చమన్నాడు. అది బాగుంటే మిగతా గదులూ నాకే ఇస్తానన్నాడు. అటువంటి గదిలో బెంచీలు వరసగా పాతుకుపోయి ఉండవు. కథ చెప్పేటప్పుడు బల్లల్ని గోడకు జరపవచ్చు, లెక్కలకు నాలుగేసి కలపవచ్చు. అందుకని బల్లల కాళ్లన్నిటికీ క్యాస్టర్లు వేయించాను. క్యాస్టర్ అంటే ఎటైనా తిరిగే చిన్న చక్రం. దాని పక్కన చిన్న ఇనుప రెక్క ఉంటుంది. కాలితో దాన్ని తొక్కితే చక్రం బిగుస్తుంది. అదే బ్రేకు.

ఆ గది మూడో తరగతిది. టీచరు మునిలక్ష్మమ్మ గురుబరపల్లి నుంచి బస్సులో వచ్చేది. మొదటిరోజే ఆమె నాకు నచ్చలేదు. నేను బ్రేకు తొక్కి చూపిస్తుంటే ఆమె బల్లను కాదు, నా కాళ్లను చూస్తూ నిలబడింది. ప్రశ్నలున్నాయా అంటే లేవంది. కొత్తదంటే పడని మనిషి అనుకున్నాను. నాలుగు రోజులు పోతే బల్లల్ని మళ్లీ వరసల్లోకి తెస్తుందని లోపల ఒక అనుమానం పెట్టుకున్నాను.

రెండు వారాల తర్వాత చెప్పకుండా వెళ్లాను. చెప్పకుండా వెళ్లడంలోనే నా బుద్ధి తెలుస్తుంది. అనుకున్నట్టే బల్లలు వరసల్లో ఉన్నాయి. ఒకదాన్ని తోస్తే కదల్లేదు. వంగి చూస్తే కాళ్లకు చక్రాల్లేవు. పక్కదానికీ లేవు. వెనక మూలనున్న ఒక్క బల్లకే ఉన్నాయి.

చక్రాలు ఏమయ్యాయని అడిగాను.

"ఈడే ఉండాయి సార్," అంది. ఈడ అంటే యాడ అని అడిగితే తల దించుకుంది. ఆమె చెయ్యి నడుముకు దోపిన తాళంచెవి మీదికి పోవడం చూశాను. హోసూరులో పాత ఇనుము అంగళ్లు ఎన్నున్నాయో, అలాంటి చక్రాలకు ఎంత గిరాకీ ఉందో నా బుర్రలో తిరగడం మొదలైంది.

తిన్నగా కరస్పాండెంట్ గదికి పోయాను. ఆమెను పిలిపించారు. ఇద్దరు టీచర్లు అక్కడే ఉన్నారు. గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, సాయంత్రం చివరగా ఎవరు పోతారు అని నేనడిగాను. కరస్పాండెంట్ నవ్వాడు. "చెప్పమ్మా, సారు అడగతా ఉండారు గదా. చక్రాలు గదా, అవే దొర్లుకుంటా బస్సెక్కినాయా?" సమాధానం చెప్పకపోతే రేపటినుంచి రానక్కర్లేదన్నాడు.

ఆమె మమ్మల్ని క్లాసుకు తీసుకుపోయి బీరువా తెరిచింది. కింది అరలో బిస్కెట్ల డబ్బా. అందులో గుడ్డ చుట్టిన చక్రాలు. అన్నీ ఉన్నాయో లేవో చూసుకోమన్నాడు కరస్పాండెంట్. నా చెయ్యి డబ్బాలోకి పోయింది. ఇప్పటికీ సిగ్గుపడేది ఆ చేతిని తలచుకునే.

"పీకింది నేనే," అంది మునిలక్ష్మమ్మ. "చెప్తే బల్లలే ఎత్తుకొని పోతారని భయపడినాను. బల్లలు బాగుండాయి సార్. పిల్లోళ్లకు ఇష్టం." తర్వాత మూలనున్న బల్ల చక్రాలకు అడ్డుపెట్టిన ఇటుక ముక్క తీసి, ఆ బల్ల చూపించింది. "బూట్లు విప్పి ఆ బ్రేకు తొక్కండప్పా."

ఆ గది గుమ్మం బయట పిల్లల చెప్పులు వరసగా ఉంటాయి. టీచరు కూడా విప్పే లోపలికి వస్తుంది. నేను ప్రతిసారీ ఆ వరసను దాటుకుని బూట్లతోనే పోయాను. ఎవరూ వద్దనలేదు.

విప్పి తొక్కాను. ఇనుప రెక్క అరికాల్లో దిగింది గానీ బ్రేకు పడలేదు. నా బరువుకే పడనిది ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా పడుతుంది? కాలు తీయగానే బల్ల మెల్లగా గుమ్మం వైపు జారింది. శనివారం నీళ్లు పోసి కడిగితే బయటికి పారాలని ఆ నేలను వాలుగా వేశారు. గోడలు కొలిచిన నేను నేల మట్టం చూడలేదు. ఒక పాఠం మధ్యలో అలా జారిన బల్ల హేమ అనే పిల్ల చీలమండకు తగిలిందట. ఆ సాయంత్రమే ఆమె చక్రాలు పీకింది.

ముగ్గురం మళ్లీ కరస్పాండెంట్ గదికి పోయాం. అక్కడున్న ఆ ఇద్దరు టీచర్ల ఎదుటే తప్పు నా డిజైన్‌దని, నా నోటిదని చెప్పాను. మరి మిగతా గదుల సంగతేమిటన్నాడు ఆయన. ఈ గది బాగుందని ఈమె చెప్పేదాకా ఇంకొకటి ముట్టుకోనన్నాను. ఆయనకు నచ్చలేదు, కానీ ఆమె ఉద్యోగం నిలిచింది.

బల్లల్ని హోసూరుకు తెచ్చి కాళ్లు మార్పించాను. ఒక పక్క కాళ్లకే చక్రాలు, రెండో పక్క రబ్బరు బిళ్లలు. రబ్బరున్న అంచు ఎత్తితే తోపుడుబండిలా పోతుంది, దించితే కదలదు. బ్రేకుతో పనిలేదు. అన్నిటికీ చేయించే ముందు ఒక బల్ల ఆమెకు చూపించి, పిల్లలచేత ఎత్తించి చూశాను.

మిగతావి దించిన రోజు మునిలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే నా కాళ్లే చూస్తోంది.

"బీరువా తెరిచే ఉండాది," అంది. "కావాలంటే చూసుకోండప్పా."

పిల్లల చెప్పుల వరస చివర బూట్లు విడిచి, లోపలికి పోయి మొదటి బల్ల అంచు ఎత్తాను.