నలుగురికి ఒక పెన్ను

నలుగురు పిల్లలకి ఒకే కాగితం, ఒకే పెన్ను. ఐదో తరగతి టీచరమ్మ పద్ధతి అది. ముగ్గురు కలిసి ఆలోచించి చెప్పాలి, కాగితం మీద మాత్రం ఆ గుంపులో అందరికంటే వెనకబడినవాళ్లే రాయాలి. కళ్లజోడు నెత్తిమీదకి తోసుకుని బెంచీల మధ్య తిరుగుతూ ఉంటుంది. చురుకైన పిల్లల చెయ్యి పెన్ను మీద పడిందా, "మాటసాయం చాలు తల్లీ, చేతిసాయం వద్దు" అని చురక వేస్తుంది. అందరూ మూగమ్మ అని ఏడిపించే పిల్ల తన పేరు దాటి వాక్యం దాకా వచ్చింది ఆ పద్ధతివల్లే. టీచరమ్మది మాత్రం ఏటేటా పొడిగిస్తేనే నిలిచే ఉద్యోగం.

తనిఖీకి పై అధికారి వచ్చినప్పుడు మూగమ్మ నాలుక బయటపెట్టి, కొట్టివేతల మధ్య మూడో వాక్యంతో కుస్తీ పడుతోంది. ఆయన ముచ్చటపడి ఫొటోకి ఫోన్ తీశాడు. హెడ్మాస్టరు టీచరమ్మ చెవిలో గొణిగాడు: "ఆ కోడిగీతలు ఫొటోలో పడితే మీ పొడిగింపు నా చేతుల్లో ఉండదమ్మా. పెన్ను పక్కనున్న ఫస్టు వచ్చే పిల్లకివ్వండి." టీచరమ్మ వంగి, మూగమ్మ బిగించిన వేళ్లు విప్పి, పెన్ను పక్కపిల్లకిచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు ఫొటోకెక్కాయి. "కలిసి నేర్చుకోవడమంటే ఇదీ!" అన్నాడు అధికారి. ఇలాంటి ఫొటోలు చూసే, బడులు బాగుపడ్డాయని పైవాళ్లు తేల్చేస్తారు. ఉద్యోగం నిలిచింది. మర్నాడు టీచరమ్మ పెన్ను మళ్లీ మూగమ్మ ముందే పెట్టింది. ఆ పిల్ల మూత తీసి, పెన్నుని పక్కపిల్లకి అందించింది. "నువ్వే రాయవే బంగారం," అంది టీచరమ్మ. "వద్దు టీచర్. నేను కాగితం కదలకుండా పట్టుకుంటా."