గడ్డ సంగతి తేలేదాకా

ఆమె చేసే పనేమిటో అత్తవారింట్లో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. పాథాలజిస్టు అంటే శవాలు కోసే డాక్టరనుకుని, మామగారు మొదట్లో ఆమె చేత్తో ఇచ్చిన మంచినీళ్లు తాగడానికి కూడా తటపటాయించారు. “రోగి మొహం చూడని డాక్టరు మా వదిన” అని ఆడపడుచు ఆటపట్టించేది. బతికున్నవాళ్ల ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి రోగమేమిటో తేల్చడమే తన పని అని ఎన్నిసార్లు చెప్పినా, అది నవ్వులాటగానే మిగిలేది.

ఆ ఆడపడుచే ఇప్పుడు ఆమె పనిచేసే ఆసుపత్రి పై అంతస్తులో, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉంది. రొమ్ములో గడ్డ. సూది పరీక్షలో ఏదీ తేలలేదు. మత్తులో ఉండగానే ముక్క తీసి పరీక్షించి, కాన్సరైతే రొమ్ము తీసేయమని సంతకం పెట్టి మరీ పడుకుంది. సొంతమనిషి ముక్క తాను చూడకూడదని వదిన అన్నది. కానీ ఆ పని తెలిసిన రెండో డాక్టరు సెలవులో ఉన్నాడు.

కింద ల్యాబులో ఉన్న ఆమె దగ్గరికి ముక్క వచ్చింది. గట్టిగా, తెల్లగా, అచ్చం కాన్సర్‌లాగే ఉంది. దాన్ని చలిలో మంచులా గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగద్ది చూసింది. కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కాన్సరా? లేక ఒంటికి కాపలా కాసే కణాలు ఏ క్రిమినో చుట్టుముట్టాయా? రెండోదే అనిపించింది. కళ్లు చూసి చెబుతున్నాయా, మనసు కోరుకుని చెబుతోందా?

ఫోన్ మోగింది. సర్జన్.

“ఏం తేలింది మేడమ్? నాకైతే కాన్సరేననిపిస్తోంది.”

“ఇంకో ముక్క పంపండి. వేరే చోటు నుంచి.”

“ఎంతసేపని మత్తులో ఉంచుతాం?”

“తీసేశాక అతికించలేం కదా సార్. పంపండి.”

రెండో ముక్క కోస్తూ మోచేతులు బల్లకు ఆనించుకుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిదనుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. అవే కాపలా కణాల ముద్దలు, వాటి నడుమ చచ్చిపోయిన కండ. కాన్సర్ కణం ఒక్కటీ లేదు.

“కాన్సర్ కనబడలేదు. రొమ్ముకు పట్టిన క్షయలా ఉంది. గడ్డ మట్టుకు తీసి కుట్టేయండి.”

“ఖాయమేనా?”

“నేను చూసినంతవరకు ఖాయం. గడ్డంతా పరీక్షించాక వేరేగా తేలితే మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు.”

ఆ పరీక్షలు పూర్తయ్యేదాకా ఆమెకు తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. ఇంట్లో ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది. చివరికి, క్షయ క్రిములకు మాత్రమే పట్టే రంగు వేసి చూస్తే అవి సన్నని ఎర్ర పుల్లల్లా బయటపడ్డాయి. సెలవు నుంచి వచ్చిన డాక్టరూ చూసి అదే మాటన్నాడు.

ఆడపడుచు మాత్రలతో కోలుకుంది. ఒకనాడు వదిన పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

“వదినా, అది కాన్సరే అయ్యుంటే, తీసేయమని నువ్వే చెప్పేదానివా?”

“చెప్పేదాన్ని.”

ఆడపడుచు ఆమె చేయి పట్టుకుంది.